పల్లపు గాలి

సగం పరుగు దాకా నూకరత్నమే ముందుంది. లేహ్ మైదానంలో ఎండ సూదుల్లా గుచ్చుతోంది, నీడలోకి వెళ్తే వణుకు. పదివేల మీటర్ల పరుగుకి పల్లపు ఊళ్ళ నుంచి వచ్చిన అమ్మాయిలంతా ఒక్కొక్కరే చతికిలబడుతుంటే, భీమిలి దగ్గర గంగుడుపాలెం నుంచి వచ్చిన ఈ జాలరిపిల్ల ఒక్కతే లడఖ్ అమ్మాయిలకి ముందు పోతోంది. కోచ్ పరదేశినాయుడు ఆనందం పట్టలేక మెడలో తువ్వాలు తీసి గాల్లో తిప్పాడు.

అంతలోనే ఆమె అడుగు తప్పింది. ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు వేగం పడిపోయింది. నోరు తెరిచి గాలిని మింగబోయింది గాని, మింగడానికి అక్కడ సరిపడా గాలి లేదు. లడఖ్ అమ్మాయిలు ముగ్గురూ కబుర్లు చెప్పుకుంటున్నంత తేలిగ్గా ఆమెను దాటుకుపోయారు. నూకరత్నం ఆగలేదు. కాని చివరి గీత దాటేసరికి ఆమెది పరుగూ కాదు, నడకా కాదు. దాటాక బోర్లా పడిపోయింది.

అందరికంటే ముందు ఆమె దగ్గరికి చేరింది డాక్టర్ కుముదిని. విశాఖపట్నంలో ఒక చిన్న శ్వాస పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. పల్లం నుంచి కొండలకి వచ్చిన ఆటగాళ్ళ ఒళ్ళు ఎక్కడ దెబ్బతింటోందో చూద్దామని జట్టు వెంట వచ్చింది. నూకరత్నాన్ని వెల్లకిలా తిప్పి, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టి, తల ఒళ్ళోకి తీసుకుంది.

కాసేపటికి ఆ పిల్ల కళ్ళు తెరిచింది. "నా కాళ్ళకేటైంది మేడమ్?"

"కాళ్ళకేం కాలేదు. గుండె కూడా గట్టిదే. ఇక్కడ గాలే పలచన. నువ్వు ఒక్కో ఊపిరికి పీల్చే ప్రాణవాయువు మీ ఊళ్ళో పీల్చేదాంట్లో మూడింట రెండొంతులే."

"మరి ఆళ్ళు కూడా ఇదే గాలి పీలుత్తన్నారు కదా?"

"వాళ్ళు ఈ గాలిలోనే పుట్టారమ్మా. నువ్వు నెలా రెండు నెలల ముందు వచ్చి ఉంటే నీ ఒళ్ళు కూడా కొంత మచ్చికయ్యేది."

నూకరత్నం మొహం పక్కకి తిప్పుకుంది. పోటీకి మూడు రోజుల ముందు తీసుకొచ్చి, అయిపోయిన మర్నాడే తిరుగు ప్రయాణం కట్టించే క్రీడా సంఘం వాళ్ళు నెలల తరబడి ఎక్కడ ఉంచుతారు? ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కుముదిని ఆ క్షణాన ఒక మాట చెప్పకుండా మింగేసింది. నెల రోజుల మచ్చికని మూడు రోజుల్లో తెచ్చే మందు తన ప్రయోగశాలలో ఉంది. అప్పటికి ఎలకలకి మాత్రమే ఎక్కించింది.

*

ప్రయోగశాలలో ఒక గాజు గది. అందులోంచి గాలిని కొంచెం కొంచెంగా తోడేస్తే లోపల కొండ ఎత్తు వచ్చేస్తుంది. ఆ ఏడాది ఎండాకాలంలో కుముదిని పరదేశినాయుణ్ణీ, నూకరత్నాన్నీ, ఆమె తల్లి బంగారమ్మనీ ఆ గది ముందు నిలబెట్టింది. సహాయకుడు జోసెఫ్ మోటారు వేశాడు. లోపల రెండు బోనులు. ఒక బోనులో ఎలకలు మూలకి ముడుచుకుని డొక్కలు ఎగరేస్తున్నాయి. మందు ఎక్కించిన రెండో బోనులోవి చక్రం ఎక్కి గిరగిరా తిప్పుతున్నాయి.

"మన మెడలో, మెదడుకి రక్తం మోసే నాళం చీలే చోట బియ్యపుగింజంత కండ ఉంటుంది," అంది కుముదిని తన మెడ మీద వేలు పెట్టి. "అది ఊపిరికి కాపలాదారు. రక్తంలో ప్రాణవాయువు తగ్గితే గోల చేస్తుంది. మనం గసపెడతాం, తల పగిలిపోతుంది, కాళ్ళు లాగేస్తాయి. ఈ మందు ఆ కాపలాదారుకి 'నువ్వు కొండ మీదే పుట్టావు' అని నేర్పుతుంది. ఒళ్ళంతా దాని మాటే వింటుంది."

బంగారమ్మ గాజుకి మొహం ఆనించి ఎలకల్ని చూసింది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. వేళ్ళ సందుల్లో ఉప్పు పొక్కులు. "అయితే సూదేసీసినాక మా గుంట కొండోళ్ళ గుంటైపోద్దా డాక్టరమ్మా?"

"కొన్నాళ్ళే."

"మల్లీ మాలాగైపోద్ది కదా?"

"అవుతుంది," అంది కుముదిని. ఎలకలు రెండు వారాల్లో మామూలయ్యాయి. అబద్ధం చెబుతున్నానని ఆమె అనుకోలేదు. కాని తర్వాత జన్మంతా ఆ ఒక్క మాట ఆమె చెవిలో తన గొంతుతోనే మోగుతూ ఉండిపోయింది.

ఆ రోజు నుంచి గంగుడుపాలెంలో దాని పేరు కొండమందు.

*

మరుసటి ఏడు మళ్ళీ లేహ్‌లోనే పోటీలు. బయల్దేరే ముందే మొదటి సూది పడింది. కొండెక్కాక నూకరత్నానికి తలనొప్పి రాలేదు, నిద్ర చెడలేదు. మిగతా జట్టు కడుపులో తిప్పి మంచాలెక్కితే ఆమె ఒక్కతే బజారంతా తిరిగి తమ్ముడు దానయ్యకి ఉన్ని టోపీ కొంది. అయినా సాధన పరుగులో చివరి రౌండ్లకి వచ్చేసరికి లడఖ్ అమ్మాయిలకి బారెడు దూరం వెనకే ఉండిపోతోంది.

పోటీ ముందు రోజు పొద్దున్నే పరదేశినాయుడు కుముదిని గదికి వచ్చాడు. నూకరత్నం వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇంకొక్క సూది వెయ్యండి మేడమ్," అన్నాడు ఆయన.

"కుదరదండీ. రెండోసారి ఎలకలకి కూడా వెయ్యలేదు. ఏమవుతుందో నాకే తెలీదు."

"బారెడు దూరమండీ. బారెడు! ఆ దూరం కోసం ఈ పిల్ల ఎనిమిదేళ్ళు ఇసకలో పరిగెత్తింది."

కుముదిని నూకరత్నం వైపు చూసింది. వద్దంటుందేమో అని ఆశ. ఆ పిల్ల లోపలికి వచ్చి నేల మీద కూచుంది. "కాళ్ళు నావే మేడమ్, గుండె నాదే. ఊపిరొక్కటి అరువియ్యండి. రేపు సాయంత్రం తిరిగిచ్చేత్తాను," అని నవ్వింది.

ఆ నవ్వు చూసి కాదనలేకపోయానని కుముదిని చాలాకాలం తనకి తను చెప్పుకుంది. అది సగమే నిజం. మందు పనిచేయడం కళ్ళారా చూడాలన్న ఆశ ఆమెకీ ఉంది. పన్నెండేళ్ళుగా నిధుల కోసం కొత్తగా వచ్చిన ప్రతి అధికారికీ మొదటి నుంచి చెప్పుకొచ్చిన మనిషి. రేపు ఆ పిల్ల మెడలో పతకం పడితే ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. సూది నింపుతుంటే చెయ్యి వణకలేదు. ఆ చెయ్యి వణికి ఉంటే ఎంత బాగుండేది!

పోటీలో నూకరత్నం సగం పరుగయ్యాక అందరినీ దాటేసింది. వెనక్కి తిరిగి చూడలేదు. గీత దాటాక కూడా ఆపలేదు, జెండా కప్పుకుని ఇంకో చుట్టు తిరిగింది. ఓడిన లడఖ్ అమ్మాయిలు ఆమె బుగ్గలు పట్టుకుని చూశారు. ఈ పిల్లకి గస లేదు.

*

విశాఖపట్నంలో సన్మానం పెట్టారు. నూకరత్నం వేదిక మీద మధ్య కుర్చీలో కూచుంది. మెడలో దండలు గడ్డం దాకా పేరుకుపోయాయి. ఒక నాయకుడు మైకు పట్టుకుని ఎంతకీ వదలడం లేదు. ఆ పిల్ల తల పక్కకి వాలింది. జనం నవ్వారు. "పాపం, అలిసిపోయింది," అన్నాడు నాయకుడు, ఆయనా నవ్వాడు.

ముందు వరసలో ఉన్న బంగారమ్మ నవ్వలేదు. అంగట్లో చేపల్ని చూసే కళ్ళతో కూతుర్ని చూసింది. "ఓలమ్మో! గుంట మూతి నీలవైపోనాది!" అని అరుస్తూ వేదికెక్కేసింది.

కుముదిని దండలు తెంపి పారేసింది. ఛాతీ కదలడం లేదు. చెంప మీద ఒక్కటేసి "నూకరత్నం!" అని కేకేసింది. పిల్ల ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, నీళ్ళలోంచి పైకి తేలినదానిలా పెద్దగా ఊపిరి పీల్చింది. "నిద్దరట్టీసింది మేడమ్," అంది సిగ్గుపడుతూ.

ఆసుపత్రిలో చేర్చాక సంగతి తేలింది. మెలకువగా ఉన్నంతసేపూ ఆమెకి ఏ లోటూ లేదు. కన్ను మూతపడితే చాలు, ఊపిరి ఆగిపోతుంది. కొండగాలికి లెక్క సరిచేసుకున్న కాపలాదారుకి పల్లపు గాలి మరీ చిక్కన. ఇంత ప్రాణవాయువు ఉంటే ఇక పీల్చడమెందుకని అదీ కునుకు తీస్తోంది. లోపల చెడ్డగాలి పేరుకుపోతున్నా లేవడం లేదు. ఒక్క సూదితో అయితే రెండు వారాల్లో తెలివి తెచ్చుకునేదే. రెండో సూది దాని పాత జ్ఞాపకాన్ని పూర్తిగా తుడిచేసింది.

ముక్కుకీ నోటికీ ముసుగు తొడిగి, యంత్రంతో ఊపిరి పోస్తూ పడుకోబెట్టారు. కుముదిని విరుగుడు మందులు ఒకదాని తర్వాత ఒకటి వేసింది. ఏదీ పట్టలేదు. చివరికి జోసెఫ్ ఒక మాటన్నాడు. "మేడమ్, మన గాజు గదిలో పడుకోబెట్టి చూద్దామా?"

మంచం గాజు గదిలో వేశారు. జోసెఫ్ గాలి పలచన చేసుకుంటూ పోయాడు. లేహ్ ఎత్తు వచ్చేసరికి నూకరత్నం నిద్రలో ఒత్తిగిల్లింది. ముసుగు తీసేశారు. ఛాతీ మెల్లగా, నిండుగా లేస్తూ పడుతూ ఉంది. చంటిపిల్లలా నిద్రపోతోంది. గాజుకి ఇవతల బంగారమ్మ రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. కుముదిని మాత్రం అక్కడే గోడకి చేరగిలబడి కూలబడిపోయింది. పిల్ల బతికే చోటు దొరికింది. ఆ చోటు వాళ్ళ ఊరు కాదు.

*

మొదట ముసుగు యంత్రంతో గంగుడుపాలెంలోనే ఉంచారు. పడుకున్నప్పుడల్లా ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరేది. రెండుసార్లు జ్వరం మీదకొచ్చి ఆసుపత్రి పాలైంది. మూడోసారి తుఫానుకి కరెంటు పోయి, బ్యాటరీ కూడా అయిపోతే దానయ్య పడవ ఇంజను విప్పి తెచ్చి యంత్రం నడిపాడు. ఆ తుఫాను వెలిశాక నూకరత్నమే చెప్పింది.

"నాను కొండకెలిపోతానమ్మా. ఈ తొండం తగిలించుకుని ఎన్నాళ్ళు? మీరెవులూ నా వొల్ల నిద్దరోట్లేదు."

బంగారమ్మ వెంటనే మూట సర్దింది. "అయితే నానూ వొత్తాను. నీకు కూడొండి పెట్టేదెవులు?"

కుముదినితో కలిసి ముగ్గురూ వెళ్ళారు. లేహ్‌లో దిగిన మర్నాటికే బంగారమ్మ తల పట్టుకుంది. ఆ మర్నాటికి వాంతులు, దగ్గు, దగ్గితే నురగ. ఆమె వయసుకీ ఆస్తమాకీ ఆ ఎత్తు పడలేదు. కుముదిని ఆమెను విమానంలో కిందికి దింపేసింది. ఆక్సిజన్ పెట్టుకుని స్ట్రెచర్ మీద పోతూ కూడా బంగారమ్మ కూతురి చెయ్యి వదల్లేదు. సిబ్బంది వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

కూతురికి కింద ఊపిరాడదు. తల్లికి పైన ఊపిరాడదు. ఆ ఇద్దరి మధ్యా కుముదిని మందు ఒక కొండలా లేచి నిలబడింది.

నూకరత్నం లేహ్‌లోనే ఉండిపోయింది. డోల్కర్ అనే ముసలామె తన ఇంట్లో గది ఇచ్చింది. బడిపిల్లలకి పరుగు నేర్పే పని దొరికింది. తను మాత్రం మళ్ళీ పోటీల్లో పరిగెత్తలేదు. కొండమందు సంగతి బయటపడ్డాక ఆ పతకం వెనక్కి తీసుకున్నారు. అది పోయినందుకు ఆమె ఏడవలేదు. ఫోన్లో తల్లి వెనక సముద్రం చప్పుడు వినిపిస్తే మాత్రం మాట ఆపి వింటూ ఉండేది.

కుముదిని దగ్గరికి ఎవరెవరో వచ్చారు. ఒక్క సూది వరకే ఆపితే ప్రమాదం లేదు కదా అన్నారు. "ఒక్కటితో ఆపుతామని మేమూ అనుకున్నాం," అని చెప్పి పంపించేసింది. మందు తయారీ ఆపేసి, విరుగుడు కోసం ఎనిమిదేళ్ళు వెతికింది. జుట్టు నెరిసింది, విరుగుడు దొరకలేదు. రైల్లో ఎదుటి బెర్తు మీద ఎవరైనా నిద్రపోతుంటే ఆమెకి తెలియకుండానే చూపు వాళ్ళ ఛాతీ మీదకి పోయేది. అది లేచేదాకా తనూ ఊపిరి బిగబట్టేది.

*

ఆ ఏడు దానయ్య కొత్త పడవ కట్టించాడు. ఆడపడుచు కొబ్బరికాయ కొట్టనిదే పడవ నీళ్ళలోకి తొయ్యనని కూచున్నాడు. కుముదిని చాలా ఆలోచించి ఒప్పుకుంది. ఢిల్లీలో ఆసుపత్రిలో యంత్రం పెట్టుకుని పడుకుని, మొదటి విమానానికి విశాఖ వచ్చి, సాయంత్రం విమానానికి తిరిగి వెళ్ళిపోవాలి. ఊళ్ళో ఉన్నంతసేపూ కన్ను మూయకూడదు. ముసుగు యంత్రం కుముదిని చేతిలో ఉంటుంది.

నూకరత్నం కారు దిగగానే చెప్పులు విడిచి ఇసకలోకి నడిచింది. ఎండకి కాలిన బుగ్గలు, లడఖ్ వాళ్ళలా బిగించి అల్లిన జడ. అలల దాకా పోయి కొబ్బరికాయ కొట్టింది. పాలెం మొగాళ్ళందరూ హైలెస్సా అంటూ పడవని తోస్తుంటే తనూ భుజం ఆనించింది. పడవ తేలగానే దానయ్య నీళ్ళలోంచి ఎగిరి గెంతాడు. అప్పకి సముద్రపు నీళ్ళు చిమ్మాడు. ఆమె చీరంతా తడిసిపోయి చిన్నపిల్లలా నవ్వింది.

బంగారమ్మ నెత్తళ్ళ చేపల పులుసు వండింది. నూకరత్నం నాలుగుసార్లు పెట్టించుకుని తింది. తర్వాత తల్లీ కూతుళ్ళు అరుగు మీద కూచున్నారు. డోల్కర్ పెట్టే ఉప్పు వేసిన టీ గురించి చెబుతోంది నూకరత్నం. "వెన్న కూడా ఏత్తాదే అమ్మా. మొదట్లో కక్కీసినాను. ఇప్పుడది తాక్కపోతే..."

మాట మధ్యలోనే తల తల్లి ఒళ్ళోకి వాలిపోయింది.

కుముదిని ఒక్క అంగలో ముసుగు పట్టుకుని అక్కడికి వచ్చింది. బంగారమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒగ్గీయండి డాక్టరమ్మా. అలిసిపోనాది."

"ఊపిరాగిపోతుంది బంగారమ్మా! లేపాలి. లేకపోతే ఇదైనా పెట్టాలి."

"లేపకండి. తొండం పెట్టకండి. ఎనిమిదేళ్ళయింది అది నా ఒళ్ళో తొంగుని." బంగారమ్మ వంగి కూతురి చెవి దగ్గర నోరు పెట్టింది. "తియ్యే అమ్మా. ఊపిరి తియ్యే."

నూకరత్నం ఛాతీ లేచింది. పడింది. మళ్ళీ కదలకుండా ఉండిపోయింది.

"తియ్యే."

లేచింది.

కుముదిని వణికే చేత్తో ఆ పిల్ల వేలికి ప్రాణవాయువు కొలిచే క్లిప్పు పెట్టింది. అంకె నిలకడగా ఉంది. తగ్గితే మరుక్షణం ముసుగు పెట్టేద్దామని చేతిలోనే పట్టుకుని అరుగు అంచున కూచుంది. తగ్గలేదు. తల్లి వీపు నిమురుతూ, ఒకే పాటి గొంతుతో, తియ్యే అమ్మా, తియ్యే అంటూనే ఉంది. ఆమె అన్నప్పుడల్లా కూతురు నిద్రలోనే వింది. లోపలి కాపలాదారు మరిచిపోయిన పనిని తల్లి గొంతు చేస్తోంది. వీధిలో పోయేవాళ్ళు చూసి చప్పుడు చెయ్యకుండా తప్పుకున్నారు. దానయ్య వచ్చి, తడి బట్టలతోనే గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

గంట పైనే అలా గడిచింది. బంగారమ్మ నీళ్ళు కూడా తాగలేదు. గొంతు బొంగురుపోయింది. ఇది రోజూ జరిగే పని కాదని, ఏ తల్లీ బతుకంతా కాపలా కాయలేదని కుముదినికి తెలుసు. ఎనిమిదేళ్ళ పరిశోధనలో తను ఇవ్వలేనిది ఆ ఒక్క మధ్యాహ్నం ఈ మనిషి ఇచ్చింది. దాన్ని తీసేసుకున్నది మాత్రం తనే.

నూకరత్నం తనంతట తనే లేచి కళ్ళు నులుముకుంది. ఎక్కడున్నానో తెలియక చుట్టూ చూసింది. "నిద్దరోయానా?"

"ఓయ్, గుర్రెట్టీసినావు," అంది తల్లి.

*

విమానాశ్రయానికి పోతూ కారులో నూకరత్నం చాలాసేపు కిటికీలోంచి సముద్రాన్నే చూసింది. అది కనిపించకుండా పోయాక కుముదిని వైపు తిరిగింది.

"ఆ రెండో సూది నానే అడిగాను మేడమ్. అది మీరు మర్చిపోతన్నారు."

"నువ్వు అడిగావు," అంది కుముదిని. "నువ్వు పరిగెత్తేదానివి, అడుగుతావు. కాదనడానికే నేనక్కడ ఉన్నాను."

దిగేటప్పుడు నూకరత్నం వంగి, కుముదిని చేతిని తన చెంపకి ఒకసారి ఆనించుకుని, వెంట వెళ్తున్న నర్సుతో లోపలికి వెళ్ళిపోయింది.

కుముదినికి ఇంటికి పోబుద్ధి కాలేదు. కారు మళ్ళీ గంగుడుపాలెం వైపు తిప్పమంది. పొద్దు వాలుతోంది. బంగారమ్మ అరుగు మీద అలాగే కూచుని ఉంది. ఒళ్ళో ఎవరూ లేరు. చెయ్యి మాత్రం ఖాళీ ఒడిని నిమురుతోంది, పెదాలు కదులుతున్నాయి. మాట పైకి రావడం లేదు గాని ఏమంటోందో కుముదినికి తెలుసు.

పక్కన కూచుంది.

"ఇమానం ఎక్కీసిందా?" అంది బంగారమ్మ.

"ఎక్కింది. ఎగిరిపోయి కూడా ఉంటుంది ఈ పాటికి."

"పైకెల్తే ఇక దానంతటదే తీసుకుంటాదా ఊపిరి?"

"తీసుకుంటుంది. పైకి పోయేకొద్దీ తేలిగ్గా తీసుకుంటుంది."

బంగారమ్మ ఆకాశం వైపు చూసింది. అప్పుడు గాని ఆమె చెయ్యి ఆగలేదు.